అద్దె మూడు నెలలు ఆగింది, పండుగలోపు ఖాళీ చేయమంటున్నరు. ఏం చేయొచ్చు?

జగద్గిరి_టైలర్ (గురువారం రాత్రి)
జగద్గిరిగుట్టల మా షాపు ఎనక పోర్షన్ల ఒక కుటుంబం ఉంటది. వచ్చి నాలుగేండ్లాయె. ఆయనది సెంట్రింగ్ పని, అక్క రెండు అపార్ట్‌మెంట్లల్ల ఇండ్లపని చేస్తది. బిడ్డ సర్కారు బడిల పదో తరగతి. ఆయన తల్లి మంచంల ఉన్నది. దసరా అయిన వారానికి ఆయన రెండో అంతస్తు మీదికెళ్ళి పడ్డడు. కాలుకు రాడ్ ఏసిండ్రు, కట్టె పట్టుకోనిదే ఇంకా నిలబడలేడు. అక్కకు నెలకు తొమ్మిది వేలొస్తయి. అందులనే తిండి, మందులు, బిడ్డ ఖర్చు. అద్దె 5,500. మూడు నెలలది 16,500 ఆగింది.

ఓనర్ పైనే ఉంటడు. సంక్రాంతి లోపల ఖాళీ చేయాలె అన్నడు. మొన్నటిసంది ఆ పోర్షన్‌కు నీళ్ళ వాల్వ్ బంద్ చేసిండు. అక్క మా షాపు ముంగటి నల్లా కాడికెళ్ళి బిందెలు మోస్తున్నది. ఇయ్యాల రాత్రి షట్టర్ దించుతుంటే వచ్చింది. చేతిల మిక్సీ, కుక్కర్, బిడ్డ పుస్తకాల సంచి. "తమ్మీ, ఇవి నీ షాపుల పెట్టుకో. సామాన్లు రోడ్డు మీద ఏస్తే ఇవన్న మిగుల్తయి" అన్నది. తీసుకోని మిషన్ కింద పెట్టిన. కుక్కర్‌కు ఇంకా పప్పు వాసన ఉన్నది.

నా దగ్గర మూడు వేలున్నయి, ఇస్త. అంతటితోని ఒడవది. చట్టమో, సంఘమో, లోనో, ఎవలకు తెల్సింది వాళ్ళు చెప్పుండ్రి.

మౌనిక_మౌళాలి
చదివి గుండె బరువెక్కింది అన్నా. నేను వెయ్యి పంపుతా, నంబర్ పెట్టండి.

ఉప్పల్_వాసి
అద్దె కట్టలేనప్పుడు కొన్నాళ్ళు ఊరికి వెళ్ళిపోవడం మేలు కదా? సిటీలో ఉండి అప్పులు పెంచుకోవడం ఎందుకు?

పదోతరగతి_టీచరమ్మ
@ఉప్పల్_వాసి జనవరిలో పదో తరగతి పిల్లను బడి మాన్పించి ఊరికి పంపమంటున్నారా? మార్చిలో పరీక్షలు. నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితాలు, వెళ్ళిపోయి ఉంటాయి, ఇప్పుడు సెంటర్ మారదు. మా బడిలో ఇలా ఇల్లు మారి దూరమైన పిల్లలు మొదట ఉదయం స్పెషల్ క్లాసులకు రావడం మానేస్తారు. తర్వాత వారానికి మూడు రోజులు వస్తారు. ఆ తర్వాత హాల్‌టికెట్ కోసం కూడా రారు. ఆడపిల్లయితే ఇంట్లో పెళ్ళి మాట మొదలవుతుంది. నేను కళ్ళారా చూశాను, అందుకే చెబుతున్నాను.

ఉప్పల్_వాసి
సరే అమ్మా, పిల్ల పరీక్షల సంగతి ఆలోచించలేదు.

నల్లకోటు
టైలర్ గారూ, ముందు నీళ్ళ సంగతి. అద్దె బాకీ ఉన్నా సరే, కోర్టు ఉత్తర్వు లేకుండా తాళం వేయడానికి గానీ, సామాన్లు బయటపెట్టడానికి గానీ, నీళ్ళు కరెంటు ఆపడానికి గానీ ఇంటి యజమానికి హక్కు లేదు. సామాన్లు బయట వేయబోతే 100కు ఫోన్ చేయండి. స్టేషన్లో "సివిల్ మేటర్" అని పంపేయాలని చూస్తారు. అప్పుడు "అద్దె తగాదా గురించి రాలేదు, నీళ్ళు ఆపి బలవంతంగా వెళ్ళగొడుతున్నారు" అనే మాట రాసివ్వండి.

రెండోది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది గానీ, 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన ఇళ్ళు దాని బయటికి పోయాయి. ఈ రోజుల్లో 3,500 లోపు పోర్షన్ ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి వీళ్ళకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెలవారీ అద్దె ఇంటికి కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చాక కూడా ఖాళీ చేయకపోతే ఆయన దావా వేయాలి. నోటితో "పండుగలోపు" అంటే అది నోటీసు కాదు.

మూడోది. ఆవిడ మహిళ కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీలకూ, దివ్యాంగులకూ అంతే. ఫోన్ 15100. దావా దాకా పోకుండా ముందే ఇద్దరినీ కూచోబెట్టి రాజీ చేయించమని అక్కడే అర్జీ పెట్టొచ్చు. ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ.

నాలుగు_పోర్షన్లు
నేను ఇంటి ఓనర్‌ని. వనస్థలిపురంలో కింద నాలుగు పోర్షన్లు, పైన మేము. రిటైరయ్యాక ఆ అద్దెలే మా మందులకు. లాయరు గారు చెప్పినదంతా చట్టం ప్రకారం నిజమే. కానీ పోలీసు, నోటీసు అని మొదటి రోజే మొదలుపెడితే ఓనర్ మనసు బిగుసుకుపోతుంది. కేసు గెలిచినా ఆ పై మెట్లు ఎక్కుతూ దిగుతూ ఒకే ఇంట్లో బతకాలి కదా.

నాకు ఒకతను పద్నాలుగు నెలలు ఎగ్గొట్టాడు. రేపు, ఎల్లుండి అన్నాడే తప్ప ఒక్కసారి కూడా ఇదీ తేదీ, ఇదీ మొత్తం అని చెప్పలేదు. అందుకే ఓనర్లకు భయం. మీ అక్క గారి తరఫున నలుగురు పెద్దమనుషులు వెళ్ళి, ఇవాళ ఇంత, ఫిబ్రవరి పదికి ఇంత, మార్చి పదికి ఇంత అని చెబితే నాలాంటివాడు వింటాడు.

నల్లకోటు
@నాలుగు_పోర్షన్లు మీరు వింటారు సార్, ఒప్పుకుంటాను. కానీ నీళ్ళు ఆపినవాడి ముందు చేతులు కట్టుకుని నిలబడమనడం సబబు కాదు. చట్టం ఏమిటో తెలిసి వెళ్ళి మర్యాదగా మాట్లాడడం వేరు, తెలియక బతిమాలడం వేరు.

నాలుగు_పోర్షన్లు
నీళ్ళు ఆపడం తప్పే. అందులో రెండో మాట లేదు. మంచాన ముసలామె ఉన్న ఇంటికి నీళ్ళు ఆపుతారా ఎవరైనా.

సెంట్రింగ్_యూనియన్
ఓ టైలరన్నా, అందరు అద్దె గురించి మాట్లాడుతుండ్రు. ఆయన పనిల పడ్డడు కదా? కాంట్రాక్టర్ ఏం ఇచ్చిండు?

జగద్గిరి_టైలర్
దవాఖానల మొదటి దినం ఐదు వేలు ఇచ్చిండంట. తర్వాత ఫోన్ ఎత్తుతలేడు.

సెంట్రింగ్_యూనియన్
గిదే జరుగుతది ప్రతిసారి. 1923ల అచ్చిన ఉద్యోగుల నష్టపరిహారం చట్టం ఉండె, 2025 నవంబర్‌ల దాని బదులు సామాజిక భద్రత కోడ్ అచ్చింది, హక్కు మాత్రం గట్లనే ఉన్నది. పనిల దెబ్బ తాకితే దవాఖాన ఖర్చు యజమాని పెట్టాలె. పని చేయలేని దినాలకు పదిహేను రోజులకు ఒకపారి నెల జీతంల పావు వంతు ఇయ్యాలె, అంటే నెలకు సగం. 2020ల పెట్టిన లెక్క ప్రకారం జీతం 15,000 దాకనే తీసుకుంటరు. గట్ల చూసినా నెలకు 7,500 అయితయి. అద్దె 5,500! కాలు ఎప్పటికి సక్కగ కాదని డాక్టర్ రాసిస్తే ఆ లెక్క వేరే, ఇంకా ఎక్కువ. చిన్న కాంట్రాక్టర్ ఇయ్యకపోతే బిల్డింగ్ కట్టించే పెద్ద యజమాని మీద కూడ అడగొచ్చు. లేబర్ ఆఫీసుల కేసు ఏయడానికి రెండేండ్లు టైం ఉన్నది.

ఇంకో మాట. ఆయనకు లేబర్ కార్డు ఉన్నదా? భవన నిర్మాణ కార్మికుల బోర్డుది. 18 నుంచి 60 ఏండ్ల లోపు, సంవత్సరంల 90 దినాలు పని చేసినోళ్ళకు ఇస్తరు. రెన్యువల్ ఉన్నదో లేదో చూడుండ్రి. మస్తు మందివి కార్డు ఉండి కూడ రెన్యువల్ లేక ఆగిపోతయి.

జగద్గిరి_టైలర్
ఇప్పుడే పోయి అడిగొచ్చిన. కార్డు ఉన్నది, బియ్యం డబ్బాల పెట్టిండ్రు. తేది చూస్తే ఇంకా సంవత్సరంన్నర ఉన్నది. ఇన్ని దినాలు దాంతోని ఏమొస్తదో వాళ్ళకు ఎవలు చెప్పలే.

సెంట్రింగ్_యూనియన్
రేపు పొద్దుగాల దవాఖాన డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రే, కార్డు, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్సులు తీసి ఉంచు. సైటుల పనిచేసిన ఇద్దరి పేర్లు, ఫోన్లు రాయించు. నేనే వస్త. బాలానగర్ దిక్కే ఉంట.

పొదుపక్క
మాది బోరబండ. పొదుపు సంఘం లీడర్ని. టైలర్ తమ్మీ, నువ్వు మూడు వేలు, మౌనికమ్మ వెయ్యి అన్నరు. మంచి మనసు. కానీ ఆ పైసలు అక్క చేతుల పెట్టకుండ్రి. అక్క తప్పు మనిషని కాదు. ఇంట్ల రోగి ఉన్నడు, రాత్రికి మందు చీటీ వస్తది, పొద్దుగాల గ్యాస్ అయిపోతది. అద్దె పైసలు గట్లనే కరిగిపోతయి. మేం లాక్‌డౌన్‌ల నేర్చుకున్నం ఇది.

అప్పుడు మా సంఘంల పదిమందిమి తలా ఇరవై రూపాయలు నెల నెల పక్కకు పెట్టుడు మొదలుపెట్టినం. బ్యాంకు లోనుతోని సంబంధం లేదు, సర్కారు స్త్రీనిధి అప్పుతోని సంబంధం లేదు. నెలకు రెండు వందలు, ఏడాదికి రెండు వేల నాలుగు వందలు. చిన్న పైసలే. కానీ తిరుగుతుంటది. ఇప్పటికి తొమ్మిది ఇండ్లకు అద్దె కట్టినం. ఏడుగురు తిరిగి కట్టిండ్రు. ఒకామె చచ్చిపోయింది, ఒకరు చెప్పకుండ పోయిండ్రు. నియమాలు మూడే. పైసలు ఓనర్ చేతికే పోవాలె. ఓనర్ నోట్‌బుక్కుల "ఫలానా నెల అద్దె ముట్టింది" అని రాసి సంతకం పెట్టాలె. తీసుకున్నోళ్ళు వడ్డీ లేకుండ, ఐదొందల చొప్పున అయినా, తేది ప్రకారం కట్టాలె.

ఇంకోటి, మొదటి నెల అద్దె ఆగినప్పుడే చెప్పాలె. మూడు నెలలైనంక వస్తే మా డబ్బాల ఉన్నదంతా పోసినా సాలదు. మా గల్లీల ఇప్పుడు ఎవలకన్న పదో తారీఖు దాటితే మేమే పోయి అడుగుతం.

మౌనిక_మౌళాలి
అక్కా, వేరేవాళ్ళ పేరు మీద సంఘంలో లోన్ తీసి ఇవ్వొచ్చా?

పొదుపక్క
వద్దు బిడ్డా. పేరు ఒకరిది, వాడుకునేది ఒకరు అయితే ఇద్దరిండ్లు ఆగమైతయి. మా పక్క సంఘం గట్లనే ఇరిగిపోయింది.

డల్లాస్_సత్తి
నేను టెక్సాస్‌లో ఉంటాను. ఇక్కడ అద్దె ఆగితే మామూలుగా మూడు రోజుల నోటీసు, తర్వాత జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టు. నా రూమ్మేటుకు ఉద్యోగం పోయినప్పుడు 211కు ఫోన్ చేశాం. చర్చిలు, కౌంటీ సాయం, తిండి బ్యాంకులు అన్నీ ఆ ఒక్క నంబరులో చెప్పారు. వాళ్ళు కూడా పొదుపక్క చెప్పినట్టే చెక్కు నేరుగా అపార్ట్‌మెంట్ ఆఫీసుకే పంపారు. ఇంతకీ డబ్బు ఎలా పంపాలి?

జగద్గిరి_టైలర్
సత్తన్నా, ముందు ఓనర్‌తోని మాట్లాడనీయి. తర్వాత ఎంత తక్కువ పడ్డదో చెప్త. నా ఖాతాల అందరి పైసలు వేసుకునుడు నాకు భయం.

సింగ్‌నగర్_రవి
మాది విజయవాడ. ఒక సంగతి చెప్తాను, పనికొస్తుందేమో. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మా గ్రౌండ్ ఫ్లోరు మొత్తం మునిగింది. మేం అద్దెకున్నాం. ప్రభుత్వం కింది ఇళ్ళకు 25,000 ప్రకటించింది. లెక్కలు రాసేవాళ్ళు వచ్చినప్పుడు నా ఆధార్ మీద ఊరి అడ్రసు. ఈ ఇంట్లో ఉన్నామనడానికి కాగితం ఏదీ లేదు. అద్దె కూడా చేతికే ఇచ్చేవాణ్ణి. ఆఖరికి గ్యాస్ బుక్కు, పిల్లాడి స్కూలు డైరీ చూపించి రాయించుకున్నాం. అప్పట్నుంచి అద్దె ఫోన్‌పేలోనే వేస్తున్నాను, "జూన్ అద్దె" అని నోట్ రాసి మరీ. మీ అక్క ఎలా కట్టేదో కనుక్కోండి.

జగద్గిరి_టైలర్
చేతికే ఇచ్చేదంట. అగ్రిమెంట్ కూడ లేదు. కానీ గోడకు తగిలేసిన క్యాలెండర్ మీద ప్రతి నెల కట్టిన తారీఖు కాడ గీత గీసి పెట్టింది. నాలుగేండ్ల క్యాలెండర్లు దాచింది. మూడు నెలల కిందటి దాక ఒక్క నెల కూడ ఆరో తారీఖు దాటలే.

నాలుగు_పోర్షన్లు
ఆ క్యాలెండర్లు పట్టుకెళ్ళండి. ఏ ఓనర్‌కైనా అంతకంటే ఏం కావాలి. ఇంకోటి, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు?

జగద్గిరి_టైలర్
రెండు నెలలది. 11,000.

నాలుగు_పోర్షన్లు
మరి బాకీ 16,500లో ఆయన చేతిలోనే 11,000 ఉంది. పెయింటింగుకు అంటాడనుకోండి, అయినా నిజంగా బయట ఉన్నది ఒక నెల అద్దె. అటు అక్క గారు ఇల్లు మారాలంటే? కొత్త అడ్వాన్స్ పదకొండు, పన్నెండు వేలు, ముందు నెల అద్దె, బ్రోకర్‌కు, ట్రాలీ ఆటోకు. ఇరవై వేలు దాటుతుంది. ఇల్లు నిలబెట్టడమే చవక. ఇంకా చెప్పాలంటే ఇది పుష్యమాసం. ఈ నెలలో ఎవరూ ఇల్లు మారరు, మాఘం వచ్చేదాకా ఆయన టులెట్ బోర్డు అలా వేలాడాల్సిందే. ఓనర్‌గా నాకు తెలుసు. ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

ఆటో_జహంగీర్
భాయ్, మీటింగుకు నేను వస్తా. సూరారం నుంచి పది నిమిషాలు. మనుషులు ఎక్కువుంటే బలం.

పొదుపక్క
మందిని తీస్కపోయి మీద పడ్డట్టు చేయకుండ్రి. ముగ్గురు చాలు. ఒక ఆడమనిషి తప్పకుండ ఉండాలె, ఓనర్ భార్యతోని మాట్లాడనీకి.

జగద్గిరి_టైలర్ (శనివారం సాయంత్రం)
పోయొచ్చినం. నేను, యూనియన్ అన్న, మా షాపుల కాజాలు కుట్టే పెద్దమ్మ. కొంచెం పొడుగైతది, చదువుండ్రి.

యూనియన్ అన్న పొద్దుగాలనే కాంట్రాక్టర్ సైటు కాడికి పోయి నిలబడ్డడు. లేబర్ ఆఫీసు అర్జీ చూపెట్టంగనే పది వేలు చేతుల పెట్టిండు, మిగిలింది లెక్క ప్రకారం మాట్లాడదాం అన్నడు. తీసుకున్నట్టు రాసిచ్చినం గని కేసు ఇడువం అని అదే కాగితం మీద రాసినం. గల్లీల 4,200 జమైంది. నా మూడు వేలు. అంటే 17,200. బాకీ కంటే ఎక్కువే! మస్తు ధైర్యంగ పోయినం.

ఓనర్ క్యాలెండర్లు చూసిండు. పైసలు చూసిండు. ఏం మాట్లాడలే. నల్లకోటు సార్ చెప్పిన 15 దినాల నోటీసు సంగతి మెల్లగ చెప్పిన, కోపం చేయలే. పుష్యమాసం మాట కూడ చెప్పిన, తల ఊపిండు. అయినా "ఖాళీ చేస్తేనే మంచిది" అంటడు. ఎందుకు సార్ అంటే కిందికి చూస్తడు. అప్పుడు మా పెద్దమ్మ లోపలికి పోయి ఆయన భార్యతోని కూసున్నది. అర్ధగంటకు బయటికొచ్చి నా చెవుల చెప్పింది. అద్దె కాదంట. ముసలామె సంగతంట. మంచంల ఉన్నది కదా, ఇంట్లనే పోతే ఎట్ల అని. నక్షత్రం మంచిది కాకపోతే ఆరు నెలలు ఇల్లు పాడువెట్టాలె, మేం పైన ఉంటం, మా కొడుకు పెండ్లి మే నెలల ఉన్నది అని ఏడ్చిందంట.

పైసలతోని ఒడిసేది కాదని అప్పుడు అర్థమైంది.

మౌనిక_మౌళాలి
అయ్యో. ఇది ఊహించలేదు.

సాంచా_చప్పుడు
సిరిసిల్లల ఉంటం మేము. ఇన్ని దినాలు సప్పుడు చేయకుంట సదువుతున్న, ఇప్పుడు చెప్పాలె అనిపించింది.

మా నాయిన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేటోడు. కిరాయి ఇల్లు. కరీంనగర్ దవాఖానల పోయిండు. అంబులెన్సు గల్లీలకు రాంగనే ఇంటాయన అడ్డం నిలబడ్డడు, శవాన్ని లోపలికి తేవద్దు అన్నడు. మా అమ్మ కాళ్ళ మీద పడ్డది. రోడ్డు మీద టెంటు ఏసినం. వాన. ఫ్రీజర్ పెట్టెకు కరెంటు ఎదురింటోళ్ళు ఇచ్చిండ్రు. పదకొండు దినాలు ఎక్కడ చేయాలె? చుట్టాలు ఎక్కడ కూసోవాలె? కులసంఘం గోదాముల తడిక కట్టుకోని ఉన్నం. అప్పుడు నాకు పదిహేడేండ్లు. ఇప్పటికీ వాన పడితే మా అమ్మ లేచి కూసుంటది.

తర్వాత మా వాడకట్టోళ్ళే చందాలేసి రెండు అర్రలు కట్టిండ్రు, ఒక బాత్రూం, ఒక వరండా. కిరాయి ఇండ్లల్ల ఎవలన్న పోతే శవాన్ని అక్కడ దించుతరు, కర్మలు అయ్యేదాక ఆ కుటుంబం అక్కడనే ఉంటది. కరెంటు బిల్లు కట్టి తాళం ఇచ్చేసి పోవాలె, అంతే. ఆ అర్రలు వచ్చినంక మా వాడల ముసలోళ్ళున్న కుటుంబాలకు కూడ ఇల్లు దొరుకుతున్నది. ఇంతకుముందు "ఇంట్ల పెద్దోళ్ళు ఉన్నరా" అని మొదలే అడిగి తలుపు ఏసేటోళ్ళు.

మీ బస్తీల కమ్యూనిటీ హాలు లేదా?

నాలుగు_పోర్షన్లు
సాంచా బాబూ, నీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను.

నిజం ఒప్పుకుంటాను. నేనూ మంచాన ఉన్న పెద్దవాళ్ళున్న కుటుంబానికి ఇల్లు ఇవ్వడానికి వెనకాడాను. మూఢత్వం ఒక్కటే కాదు, ఇంటి మీద మాట పడితే మళ్ళీ అద్దెకు ఎవరూ రారని భయం. ఏడేళ్ళ క్రితం మా రెండో పోర్షన్లో ఒక పెద్దాయన రాత్రి నిద్రలోనే పోయారు. బయట పెట్టమనడానికి నాకు నోరు రాలేదు. మా ఆవిడ కిందికి దిగి వాళ్ళ కోడలికి కాఫీ కాచి ఇచ్చింది. పదమూడో రోజు పుణ్యాహవచనం చేయించుకున్నాం. ఆ కుటుంబం ఇప్పటికీ అక్కడే ఉంది. నా ఇల్లు ఏమీ కాలేదు.

మీ ఓనర్ గారితో నేను ఫోన్లో మాట్లాడతాను, ఆయనకు ఇష్టమైతే. ఓనర్‌కు ఓనర్ చెబితే వేరుగా ఉంటుంది.

పంతులుగారి_అబ్బాయి
పౌరోహిత్యం మా ఇంటి వృత్తి. ధనిష్ఠా పంచకం లాంటి నక్షత్రాల్లో పోతే ఇల్లు విడిచిపెట్టాలనే ఆచారం ఉన్న మాట నిజం. దానికి శాంతి కూడా ఉంది. శాంతి చేయించుకుని అదే ఇంట్లో ఉన్నవాళ్ళు ఎందరో. మా నాన్నగారే ఎన్నో ఇళ్ళలో చేయించారు. బతికి ఉన్న మనిషిని, అదీ పెద్దావిడని, పోతుందేమోనని బయటికి పంపమని ఏ శాస్త్రమూ చెప్పదు. ఆ అమ్మగారి భయం పోవాలంటే ఒక పని చేస్తాను. ఎప్పుడైనా అలాంటి అవసరం వస్తే నేనే వచ్చి పైసా తీసుకోకుండా శాంతి, పుణ్యాహవచనం చేసి వెళతాను. పెళ్ళికి ముందు ఇంకోసారి చేయమన్నా చేస్తాను. మాది నిజాంపేట, దూరం కూడా కాదు. వాళ్ళను ఆ మాట నా నోటితోనే అడగమనండి.

పొదుపక్క
నీ తల్లి కడుపు సల్లగుండ బిడ్డా.

నల్లకోటు
నేను రాసిన సెక్షన్లకంటే ఈ రెండు పోస్టులు ఎక్కువ పనిచేస్తాయనిపిస్తోంది. అయినా కుదిరింది కాగితం మీద పెట్టండి. బాకీ ఎంత, ఎంత ముట్టింది, అడ్వాన్స్ ఎంత, ఎప్పటిదాకా ఉంటారు, నీళ్ళు ఆపకూడదు. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. నేను ముసాయిదా పంపుతాను.

ఉప్పల్_వాసి
మొదట తొందరపడి మాట్లాడాను. పిల్ల పరీక్షలయ్యేదాకా నెలకు వెయ్యి రూపాయలు నేను ఓనర్ ఖాతాకు వేస్తాను, అద్దెలో భాగంగా.

జగద్గిరి_టైలర్ (సోమవారం)
నిన్న పొద్దుగాల పంతులన్న బండేసుకోని వచ్చిండు. నేను పైకి తీస్కపోయిన. ఓనర్ భార్యతోని అర్ధగంట మాట్లాడిండు, పంచాంగం తీసి చూపెట్టిండు. వనస్థలిపురం సార్ ఓనర్‌తోని ఫోన్ల మాట్లాడిండు. నేను బయటనే నిలబడ్డ, ఏం మాట్లాడుకున్నరో తెల్వది, కానీ ఓనర్ "అవును సార్, అవును సార్, నాకూ గదే భయం సార్" అనుడు వినబడ్డది.

మా బస్తీల కమ్యూనిటీ హాలు ఉన్నది, పెండ్లిళ్ళకు ఇస్తరు. సాంచా తమ్ముడు రాసింది బస్తీ పెద్దలకు సదివి చెప్పిన. ఎనక ఉన్న స్టోర్ అర్ర ఖాళీ చేసి, కిరాయి ఇండ్లల్ల ఎవలన్న పోతే పదమూడు దినాలు ఇద్దాం అని ఒప్పుకున్నరు. ఇద్దరు మాత్రం పెండ్లిళ్ళు జరిగే తావు కదా అని ఇంకా గునుస్తున్నరు. ఎనక గేటు వేరే పెట్టిద్దాం అన్నం.

ఓనర్ 16,500 తీసుకోని నోట్‌బుక్కుల సంతకం పెట్టిండు. అడ్వాన్స్ అట్లనే ఉన్నది. కాగితం మీద పదకొండు నెలలు రాసుకున్నం. రాత్రి ఏడింటికి వాల్వ్ తిప్పిండు. అక్క నల్లా కింద బిందె పెట్టి నిండేదాక అక్కడనే కూసున్నది.

సెంట్రింగ్_యూనియన్
లేబర్ ఆఫీసుల అర్జీ తీసుకున్నరు, నంబర్ ఇచ్చిండ్రు. కాంట్రాక్టర్‌కు నోటీసు పోతది. అప్పటిదాక ప్రతి నెల పదో తారీఖు నేను అడిగి పెడుత. మిగిలిన ఏడొందలు ఏం చేసిండ్రు టైలరన్నా?

జగద్గిరి_టైలర్
పొదుపక్క చెప్పినట్టు డబ్బా పెట్టినం. మా షాపుల, దారాల డబ్బా పక్కన. ఏడొందలు అందుల ఏసి నోట్‌బుక్కు మొదలుపెట్టిన. నిన్న మా గల్లీ ఆడోళ్ళు పదకొండు మంది ఇరవై ఇరవై ఏసిండ్రు. అక్క కూడ ఏసింది.

పొదుపక్క
తాళం ఒకరి దగ్గర, నోట్‌బుక్కు ఇంకొకరి దగ్గర పెట్టుండ్రి. ఒక్కరి దగ్గరనే రెండు ఉండొద్దు.

పదోతరగతి_టీచరమ్మ
పిల్ల పుస్తకాల సంచి తిరిగి ఇచ్చారా?

జగద్గిరి_టైలర్
రాత్రే ఇచ్చిన మేడం. మిక్సీ, కుక్కర్ కూడ. ముసలామెను లేపి వాకిట్ల ఎండకు కూసోబెట్టాలని బస్తీ దవాఖాన డాక్టరమ్మ చెప్పింది, మంచంల ఉంటే పుండ్లు పడ్తయంట. కానీ పట్టుకోని నడిపించేటోళ్ళు లేరు. అక్క పనికి పోతది, ఆయన కాలు అట్లున్నది.

ఈసీఐఎల్_పద్మ
మా అత్తగారి వాకర్ ఉంది మా ఇంట్లో. ఆవిడ పోయి ఏడాదైంది, అటక మీదే ఉంది. రబ్బరు బుడిపెలు కొత్తవి వేయించి బుధవారం తెస్తాను. ఎక్కడ దిగాలి?

జగద్గిరి_టైలర్
జగద్గిరిగుట్ట లాస్ట్ బస్టాప్‌ల దిగుండ్రి అమ్మా. నేను బండి తీస్కోని వస్త.